నీళ్ళకు ఆగిన బస్సు

కల్వకుర్తి నుంచి అచ్చంపేటకు పోయే బాటలో నక్కలగుట్ట ఎక్కుడు ఒకటుంది. అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా ఎక్కుడే. గుట్ట నెత్తిన పాతిక గడపల మందపల్లె. అందరూ కుర్మవాళ్ళే. గొర్లు కాసేవాళ్ళు కొందరు, గొంగళ్ళు నేసేవాళ్ళు కొందరు. ఆ పల్లెలో బాటకు అందరికంటే దగ్గరి ఇల్లు గోపమ్మది. ఎనిమిదేళ్ళపాటు ఆ ఇంటి ముందర రెండు పెద్ద కుండలు ఎప్పుడూ నిండుగా ఉండేవి. అవి మనుషుల కోసం పెట్టినవి కావు, బస్సు కోసం పెట్టినవి.

మొదటిసారి బస్సు అక్కడ ఆగింది తొలి ఓట్ల ఏడాది ఎండకాలంలో. అంతకు కొద్దికాలం ముందటిదాకా బస్సులను రైలోళ్ళే నడిపేవాళ్ళు కాబట్టి ముసలివాళ్ళు దాన్ని రైలుబస్సు అనేవాళ్ళు. ఆ రైలుబస్సు మూతి నుంచి ఆవిరి కక్కుకుంటూ గుట్ట ఎక్కి, గోపమ్మ ఇంటి ముందర నిలబడిపోయింది. గోపమ్మ అరుగు మీద కూర్చుని గొర్రెబొచ్చు వడుకుతూ ఉంది. డ్రైవరు దిగి వచ్చాడు. పాతికేళ్ళవాడు. ఖాకీ అంగీ చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది.

"అక్కా, జర నీళ్ళు పోస్తవా?"

గోపమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతడు తాగి, చెంబు తిరిగి ఇస్తూ బస్సువైపు చూపించాడు.

"నాకిచ్చినవు. మరి దానికో?"

"అది తాగుతదా?"

"ఎడ్లకన్న ఎక్కువ తాగుతది. రెండు కడవలు గావాలె."

బావి గుట్ట కింద ఉంది. దిగి ఎక్కేసరికి మోకాళ్ళు పీకుతాయి. ఇంట్లో ఉన్న కడవ నీళ్ళు పోసి, ఇంకో కడవకు గోపమ్మ దిగిపోయింది. బస్సులోని వాళ్ళంతా నీడ వెతుక్కుని కూర్చున్నారు. నీళ్ళు పోయడం అయ్యాక డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు.

"నీళ్ళకు పైసలు తీస్కుంటే మా బీరప్ప దేవుడు ఊకుంటడా?" అంది గోపమ్మ. "పెట్టుకో, జేబుల పెట్టుకో."

అతని పేరు జానయ్య. నల్గొండ దిక్కు మనిషి. వాళ్ళిద్దరూ మాట్లాడుతూ ఉండగానే ఇంట్లోంచి పర్వతాలు చంకకర్ర పొడుచుకుంటూ బయటికి వచ్చాడు. గోపమ్మ పెనిమిటి. ఆరేళ్ళ కింద నల్లమలలో మందతో ఉన్నప్పుడు బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎవరో కట్టు కట్టారు, కాని ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి గొర్లు అన్నదమ్ముల పాలయ్యాయి, మగ్గం అతని పాలయింది.

"ఎటు పోతాంది గిది?" అని అడిగాడు.

"కల్వకుర్తికి."

"ఇయ్యాల సంత గద ఆడ. నన్ను ఎక్కించుకుంటవా?"

జానయ్య ఒకసారి కడవ చూశాడు, ఒకసారి కర్ర చూశాడు. "ఎక్కు బావా" అన్నాడు.

అంతే. రెండు గొంగళ్ళు మడిచి భుజాన వేసుకుని పర్వతాలు బస్సెక్కాడు. ఆరేళ్ళ తర్వాత అతడు పల్లె దాటడం అదే మొదటిసారి.

ఆ ఆరేళ్ళూ గొంగళ్ళను తల మీద పెట్టుకుని తొమ్మిది మైళ్ళు గోపమ్మే నడిచేది. మొయ్యడం వచ్చుగాని ఆమెకు అమ్మడం రాదు. ఎవరైనా గట్టిగా అడిగితే ఇచ్చేసి వచ్చేది. పర్వతాలు అట్లా కాదు. సంతలో గొంగడి పరిచి కూర్చున్నాడంటే అతడు వేరే మనిషి. ధర చెప్పి, కొనేవాణ్ణి మరిచిపోయి మొగులువైపు చూస్తూ కూర్చునేవాడు. కొనేవాడే దిగివచ్చి, "ఏమయ్యా, పలకవేంది?" అనాలి. "గా మబ్బు వానదా కాదా అని సూస్తున్న. వానదయితే నీకే గావాలె గొంగడి" అనేవాడు. పక్కన కూర్చున్న కుండలవాళ్ళు, ఉల్లిగడ్డలవాళ్ళు అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికి వచ్చాక అవన్నీ మళ్ళీ చెప్పేవాడు. వారంలో ఆరురోజులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషికి ఆ ఏడోరోజు ఏమిటో గోపమ్మకు తెలుసు. అందుకే రోజూ పొద్దుగాల నాలుగు కడవలు మోసేది.

బాటపక్కన ఒక చెక్కిన రాయి ఉండేది. ఎప్పుడో నైజాం కాలంలో అటునుంచి రైలు వేస్తామని గొలుసులతో కొలిచి, ఇట్లాంటి రాళ్ళు అడవిదాకా పాతుకుంటూ పోయారు. రైలు రాలేదు. రాళ్ళు మిగిలాయి. పర్వతాలు ఆ రాయి మీదే కూర్చుని బస్సు కోసం ఎదురుచూసేవాడు. "రైలుకు ఇత్తనాలు పెట్టిపోయిండ్లు. మంచి వాన పడితె మొలుస్తది" అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

పర్వతాలు ఎక్కడం చూసి మిగిలినవాళ్ళూ ఎక్కసాగారు. గొర్రెపాలు, నెయ్యి పట్టుకుని ఆడవాళ్ళు, జ్వరాల పిల్లలతో దవాఖానకు పోయే తల్లులు. ఆ తావున స్టేజీ లేదు. కాయితాల మీద ఆ పేరే లేదు. అయినా బస్సు రోజూ పొద్దున ఒకసారి, మాపు ఒకసారి ఆగింది. పల్లె పెద్ద సోమన్న, "మన గోపమ్మ నీళ్ళు పోసి బస్సును పెంచింది" అనేవాడు.

మూడో ఏడు బీరప్ప పండుగకు జానయ్య సెలవు పెట్టి వచ్చాడు. పర్వతాలు అతనికోసం ఒక గొంగడి నేశాడు. చింతగింజల గంజి పట్టించి, అంచుకు తెల్లబొచ్చుతో మూడు చారలు పెట్టి, మధ్య చారలో ఒక నల్ల పోగు వేశాడు. ఆ పోగు అతని గుర్తు. సోమన్న దాన్ని జానయ్య భుజాన వేసి, "గొంగడి మీద పడ్డదంటె నువ్వు మా మనిషివే" అన్నాడు.

"మంచిగ ఇను తమ్మీ," అంది గోపమ్మ. "గొంగడి మీద చెయ్యేసి చెప్పిన మాట కుర్మోడు తప్పడు. పంచాయితి గూడ దీని మీదనే కూసుంటది."

"నేను కుర్మోణ్ణి కాకపోతిని గదక్కా."

"ఇయ్యాలటి సంది అయితివి. బీరప్పకు అక్క మాంకాళి ఎట్లనో నీకు నేనట్ల."

జానయ్య వంగి ఆమె కాళ్ళు మొక్కాడు. ఆమెకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ రాత్రి వండిన మాంసంలో మంచి ముక్కలు అతని కంచంలోకే పోయాయని పర్వతాలు చాలా రోజులు దెప్పాడు.

ఎనిమిదో ఏడు నిండవచ్చేసరికి బస్సులు ఇంకో సర్కారు కచ్చేరి కిందికి పోయి రెండేళ్ళయింది. ఒకనాడు పొద్దున జానయ్య నీళ్ళు పోసుకుని కూడా స్టీరింగు దగ్గరికి పోలేదు. గోపమ్మను ఇంటి పక్కకు పిలిచాడు. మొఖం చిన్నబోయి ఉంది.

"అక్కా, నా మీద ఎవలో అర్జీ పెట్టిండ్లు. స్టేజి లేనికాడ ఆపుతున్ననని, పాలకు నెయ్యికి ఆశపడి ఆపుతున్ననని."

"ఎవడాడు? వాని నోట్ల మన్నువడ!"

"ఎవడో. వారం పదిరోజులల్ల ఒక సారు జీపుల వస్తడు. బస్సు ఈడ ఆగుతదా అని అడుగుతడు. ఆగదని చెప్పు. గంతే. నీ నోట ఆగుతదని వచ్చిందో, నా నౌకరి పోతది."

"మరి మాకు ఎట్ల? మేమే ఆగదంటె?"

"నేనున్నన్ని రోజులు ఆపుత. గీ గడబిడ సల్లబడ్డంక నేనే సార్లకు చెప్పి స్టేజి రాయిస్త. ఇంకో మాటక్కా. గా సారు తియ్యగ మాట్లాడుతడు. స్టేజి ఇస్తమంటడు. గది గాలం. మింగినవో, నేను పోత."

లోపల దండెం మీద ఒక గొంగడి వేలాడుతూ ఉంది. జానయ్య తానంతట తాను పోయి దాని మీద చెయ్యి పెట్టాడు. "గీ గొంగడి సాచ్చిగ చెప్తున్న. మీ బస్సు మీకు ఆగుతది."

బస్సు పోయాక పర్వతాలు మగ్గం మీదినుంచి అన్నాడు. "ఏమే, ఆగదని నువ్వే చెప్తె ఇగ ఆగుడెట్ల?"

"వాడు గొంగడి ముట్టిండయ్యా."

"ముట్టిండు. గని బస్సు ముట్టలే గద. అది నీళ్ళకు ఆగుతాంది గోపీ, మనకు కాదు."

"నీకు అందరి మీద అనుమానమే. సంతల ఉల్లిగడ్డలోని మీదగూడ."

ఆ సాయంత్రం ఆమే సోమన్న ఇంటికి పోయింది. విషయం చెప్పింది. సోమన్న గడ్డం గోక్కున్నాడు. "నీ తమ్ముడు, నీ మాట. జవాబు నువ్వే చెప్పు. మేమెవలం నోరు తెరువం" అన్నాడు.

సారు తొమ్మిదోనాడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నాడు. మాటనుబట్టి కోస్తా మనిషి అని తెలుస్తోంది. జీపు దిగి, నెత్తికి రుమాలు కట్టుకుని, ముందు నేల చూశాడు. బాటపక్క మట్టి చక్రాలకు అరిగి గట్టిపడి ఉంది. నూనె చుక్కలు పడి పడి నల్లగా అయింది. రెండు కుండలు చూశాడు. రైలురాయి చూశాడు. దాని పైభాగం మనుషులు కూర్చుని కూర్చుని నున్నబడింది. అప్పటికి పదిమంది పోగయ్యారు.

"ఇక్కడ బస్సు ఆగుతుందా?" అని అందరినీ కలిపి అడిగాడు.

సోమన్న గోపమ్మవైపు చూశాడు. అందరూ అటే చూశారు.

"ఆగదు సారూ" అంది గోపమ్మ.

"ఈ కుండలెవరివమ్మా?"

"గొర్లకు."

"గొర్రెలు కుండలో తాగుతాయా?" సారు చిన్నగా నవ్వాడు. కోపం లేదు. "చూడమ్మా, నేనెవరినీ పట్టుకోవడానికి రాలేదు. ఈ బాటలో కొత్తగా ఒక స్టేజీ ఇవ్వాలని ఉంది. మూడు మైళ్ళ లోపల రెండు స్టేజీలు ఇవ్వకూడదని మాకొక రూలు. ఇక్కడ ఎక్కేవాళ్ళు ఉన్నారంటే ఇక్కడే రాస్తాను. బోర్డు పెడతారు. ఏ డ్రైవరొచ్చినా ఆపి తీరాల్సిందే."

ఏ డ్రైవరొచ్చినా అన్న మాట గోపమ్మ చెవుల్లో నిలిచింది. తలుపు దగ్గర పర్వతాలు కర్రమీద ఒరిగి నిలబడి ఉన్నాడు. గడ్డం కొద్దిగా పైకి ఎత్తాడు, చెప్పెయ్ అన్నట్టు. అయితే జానయ్య చెప్పిన గాలం ఇదే. తియ్యగా మాట్లాడతాడని చెప్పాడు, మాట్లాడుతున్నాడు. స్టేజీ ఇస్తానంటాడని చెప్పాడు, అంటున్నాడు. ఒక్కొక్క మాటా అతడు చెప్పినట్టే జరుగుతుంటే అతణ్ణి నమ్మకుండా ఎట్లా ఉంటుంది?

"ఆగదు సారూ," అంది మళ్ళీ. "ఎన్నడు ఆగలే."

సారు కొంచెంసేపు ఆమెనే చూశాడు. తర్వాత జీపు మూతి మీద కాయితం పెట్టి రాశాడు. రాసింది చదివి వినిపించి, సిరాడబ్బీ తెరిచాడు. గోపమ్మ బొటనవేలు ముద్ర వేసింది.

జానయ్య రెండు నెలలు బస్సు ఆపాడు. మూడో నెలలో కొత్త బస్సు వచ్చింది. అది డీజిలుది. గుట్ట ఎంత ఎక్కినా దాని మూతినుంచి ఆవిరి రాలేదు. ఆ మొదటిరోజు సంతరోజు. పర్వతాలు మూటతో రాయి మీద కూర్చున్నాడు. ఇంకో నలుగురు నిలబడ్డారు. బస్సు వచ్చింది, పోయింది. దుమ్ము తగ్గాక పర్వతాలు, "కొత్తది గద, జాగా గుర్తువట్టలే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

బస్సు నడిపింది జానయ్యే. గోపమ్మ కళ్ళారా చూసింది. అతడు బాట మీదినుంచి చూపు తిప్పలేదు.

నాలుగు రోజులు ఇట్లాగే అయ్యాక ఆమె గుట్ట దిగి నడిచింది. కల్వకుర్తివైపు రెండు మైళ్ళ దూరంలో పెద్దూరుకు చీలే మలుపు ఉంది. అక్కడ ఇంతకుముందు తుమ్మచెట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు ఇనుపకడ్డీకి బోర్డు వేలాడుతోంది. పక్కన తాటాకుల పందిరి కింద చాయ్ హోటలు. బస్సు పందిరి ముందర ఆగి ఉంది. జనం గాజుగ్లాసులతో చాయ్ తాగుతున్నారు. పొయ్యి దగ్గర ఉన్నవాణ్ణి ఎవరో వెంకటయ్యా అని పిలిచారు. "బావా, ఇంకో చాయ్ పొయ్యమంటవా?" అని వెంకటయ్య బల్లమీద కూర్చున్న జానయ్యను అడిగాడు.

బల్ల మీద మడిచి పరిచిన గొంగడి ఉంది. కూర్చునేవాళ్ళకు ఒత్తుకోకుండా వేశారు. అంచున మూడు తెల్ల చారలు, మధ్య చారలో ఒక నల్ల పోగు. ఒక మూల చాయ్ ఒలికి అట్టగట్టింది.

జానయ్య లేచాడు. "అక్కా, రా, కూసో. వెంకటయ్యా, అక్కకు చాయ్."

గోపమ్మ కూర్చోలేదు. "మా కాడ ఎందుకు ఆగుతలేదు?"

"మీదికెల్లి ఆర్డరు వచ్చిందక్కా. ఈడ స్టేజి ఇచ్చిండ్లు. మూడుమైళ్ళ లోపల ఇంకోటి ఇయ్యరంట. నా చేతిల ఏమున్నది?"

"గా హోటలాయన నీకేమైతడు?"

"మా ఇంటిదాని తమ్ముడు." ఆ మాట చెప్పి జానయ్య చాయ్ గ్లాసువైపు చూశాడు. "గరీబోడక్కా. ఏదో బతుకుతాండు."

ఆమె గొంగడివైపు వేలు చూపించింది. ఏదో అనబోయింది. కాని దాని మీద పెద్దూరు మనిషి ఒకడు కూర్చుని బీడీ తాగుతున్నాడు. పరాయివాళ్ళ ముందర గొంగడి గురించి మాట్లాడటం ఆమెకు చాతకాలేదు. వెనక్కి తిరిగి గుట్ట ఎక్కింది.

ఆమె చెప్పకముందే పల్లెకు సంగతి తెలిసింది. నోరు తెరువం అన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. పక్కింటి జంగమ్మ జ్వరం బిడ్డను చంకనేసుకుని మలుపుదాకా నడిచి వచ్చిన రోజున, నడివాకిట్లో నిలబడి అంది. "నీ తమ్ముని నౌకరి బతికింది గదమ్మా. మా కాళ్ళు పోతె పోనియ్యి."

సోమన్న అంతమాట అనలేదు. గోపమ్మ ఎదురైతే దారి తప్పించుకుని పోయాడు. అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది. జవాబు నువ్వే చెప్పమన్నది అతడేనని ఆమెకు గుర్తుంది. అతనికి గుర్తుందో లేదో.

పర్వతాలు ఒకసారి మలుపుదాకా నడిచి చూశాడు. పొద్దు పొడవకముందు బయలుదేరితే, రాళ్ళ మీద కర్ర జారుతూ, అక్కడికి చేరేసరికి బస్సు పోయింది. వెనక్కి వచ్చేసరికి చంకలో తోలు లేచి నెత్తురు వచ్చింది. ఆ తర్వాత మూట కట్టలేదు. సంత మాట ఎత్తలేదు. గొంగళ్ళు మళ్ళీ గోపమ్మ తల మీదికి వచ్చాయి. మలుపులో బస్సెక్కితే ఏడు మైళ్ళు తప్పుతాయి. ఆమె ఎక్కలేదు. హోటలు కనిపించకుండా గుట్ట అడ్డదారిన దిగి, తొమ్మిది మైళ్ళూ నడిచేది.

ఆ వానకాలం చివర ఒకనాడు ఆమె మహబూబ్‌నగర్ పోయింది. కల్వకుర్తిదాకా నడిచి, అక్కడినుంచి బస్సులో. బస్సుల కచ్చేరిలో రెండుపూటలు కూర్చున్నాక ఆ కళ్ళద్దాల సారు దొరికాడు. గుర్తుపట్టాడు.

"సారూ, ఆనాడు అబద్ధం చెప్పిన. బస్సు ఆగేది. రోజూ ఆగేది. ఎనిమిదేండ్లు నీళ్ళు పోసిన."

"నాకు తెలుసమ్మా," అన్నాడు సారు. "నేల చూస్తేనే తెలిసింది. కానీ నేల మాట రాయడానికి లేదు. మీరు చెప్పిందే రాయాలి. ఎందుకలా చెప్పారు?"

"మా డ్రైవరు మీద అర్జీ వచ్చిందన్నడు. ఆగుతదంటే నౌకరి పోతదన్నడు."

"ఏ అర్జీ?"

"ఎవలో పెట్టిండ్లంట గద."

సారు కట్ట విప్పి కాయితాలు తిరగేశాడు. నిజంగానే వెతికాడు. "అర్జీ ఏదీ లేదమ్మా. ఏనాడూ రాలేదు. ఇదిగో, ఆ మలుపు దగ్గర జనం ఎక్కువ, స్టేజీ అక్కడ ఇవ్వండని రాసి ఇచ్చింది కూడా మీ డ్రైవరే. మీరేమో ఇక్కడ బస్సు ఎన్నడూ ఆగలేదన్నారు. రెండు మాటలూ కలిశాయి."

ఆమె ముందర కాయితం పెట్టాడు. గోపమ్మకు చదువు రాదు. కింద ఉన్న వేలిముద్ర మాత్రం చదివింది. చిన్నప్పుడు కొడవలి తెగిన గాటు దాని మధ్యలో అడ్డంగా తెల్లగా పడి ఉంది. ఈ లోకంలో అట్లాంటి వేలు ఇంకొకరికి ఉండదు.

"ఇప్పుడు మార్చరాదా సారూ?"

"ఇచ్చిన స్టేజీ తియ్యాలంటే అక్కడివాళ్ళు ఒప్పుకోవాలి. పెద్దూరు వాళ్ళు ఒప్పుకుంటారా?" సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కావాలంటే ఆ డ్రైవరు మీద రాసి ఇవ్వండి. విచారిస్తాం."

గోపమ్మ రాయించింది. పేరు అడిగితే చెప్పింది. మళ్ళీ బొటనవేలు అద్దింది. ఇంటికి వచ్చి పర్వతాలకు మొత్తం చెప్పింది, ఒక్క మాట దాచకుండా. నేను ముందే అన్న అని అతడు అనలేదు. మగ్గం ఆడించాడు.

విచారణ జరిగిందో లేదో తెలియదు. సంక్రాంతి దాటాక జానయ్య ఆ బాట మీద కనిపించలేదు. తన ఊరి దిక్కుకు, నల్గొండవైపు బదిలీ చేయించుకున్నాడని ఒకరు, శిక్ష పడిందని ఒకరు అన్నారు. స్టేజీ మలుపులోనే ఉంది. హోటలుకు పెంకులు వేశారు.

రెండేళ్ళ తర్వాత ఎండకాలంలో, సంతరోజు పొద్దున, గోపమ్మ మూడు గొంగళ్ళు మూట కడుతుంటే గుట్ట కిందినుంచి ఒక చప్పుడు వినిపించింది. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. కొత్త బస్సు ఎక్కడో మరమ్మతుకు పోయింది కాబోలు, ఆ పూటకు పాతదాన్ని తెచ్చారు. ఆవిరి కక్కుకుంటూ వచ్చి సరిగ్గా రైలురాయి పక్కనే ఆగింది.

డ్రైవరు కొత్తవాడు. డబ్బా పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఈడ నీళ్ళు దొరుకుతయా?"

బాట ముందరి కుండలు ఎప్పుడో ఇంటివెనకకు చేరాయి. ఒకదానిలో కోడి పొదిగింది. గోపమ్మ ఇంట్లోని కడవ ఎత్తుకుని వచ్చింది. నీళ్ళు అడిగినవాడికి లేవనడం ఆమె చేత కాదు. మూత తీసిన రేడియేటరులో పోస్తుంటే లోపల సలసలమని చప్పుడయింది.

అప్పుడు పర్వతాలు బయటికి వచ్చాడు. కట్టీకట్టని మూట భుజాన ఉంది. తలకు రుమాలు ఉంది. బస్సు దగ్గరికి పోయి, కర్రను ముందు లోపల పెట్టి, కడ్డీ పట్టుకుని ఒక మెట్టు ఎక్కాడు. ఇంకో మెట్టు ఎక్కాడు. కండక్టరు పిల్లగాడు అడ్డం వచ్చాడు.

"తాతా, దిగు. ఈడ స్టేజి లేదు."

"బస్సు ఆగింది గద బిడ్డా."

"నీళ్ళకు ఆగింది. మనుషులకు కాదు."

"నేను గూడ నీళ్ళతోటి వచ్చినోణ్ణే. పోస్తాంది నా పెండ్లామే, సూడు."

బస్సులో నలుగురు నవ్వారు. "ఎక్కనియ్యరాదు, ముసలాయన" అని లోపలినుంచి ఎవరో ఆడమనిషి అంది.

కండక్టరు మొఖం ఎర్రబడింది. చెడ్డవాడుగా లేడు. "మలుపుకాడ చెకింగ్ సారు ఉంటె మీరు అడ్డం వస్తరా? ఏ స్టేజి టికెట్టు కొట్టాలె నేను? నా నౌకరి పోతది."

కడవ వంచుతున్న గోపమ్మ చెయ్యి ఆగింది. మిగిలిన నీళ్ళు కూడా చివరిదాకా పోసి, ఖాళీ కడవ కింద పెట్టి, మెట్ల దగ్గరికి వచ్చింది. పర్వతాలు చంక కింద చెయ్యి వేసింది.

"దిగయ్యా," అంది. "ఆయన నౌకరి పోతదట."

పర్వతాలు దిగాడు. కండక్టరు అటు తిరిగి గంట కొట్టాడు. బస్సు గుట్ట దిగిపోయింది.

పర్వతాలు రాయి మీద కూర్చున్నాడు. ఆయాసం తగ్గేదాకా ఆగి, "రెండు మెట్లు ఎక్కిన," అన్నాడు. "రైలుకన్న నయమే. అది ఒక్క మెట్టు గూడ ఎక్కనియ్యలే."

గోపమ్మ మూట అతని భుజం మీదినుంచి తీసి బిగించి కట్టింది. తల మీద చుట్టబట్ట పెట్టుకుంది.

"ఎంతకియ్యాలె?"

"పద్దెనిమిదికి తక్కువ ఇయ్యకు."

"పదిహేనుకు అడుగుతరు."

"అడగనియ్యి. మొగులు దిక్కు సూడు."

మూట తలకెత్తుకుని ఆమె బయలుదేరింది. బస్సు పోయిన దుమ్ము ఇంకా బాట మీద ఉంది. మలుపులో అది చాయ్‌కి ఆగి ఉంటుంది; తొందరగా నడిస్తే అందుతుంది. ఆమె గుట్ట నడుము దగ్గర బాట విడిచి, ఎప్పటిలాగే అడ్డదారిన దిగింది.